డేరా పడినంత కాలం

"డేరాల ముసలాయన పోయాడు కదండీ, ఇంక ఖలాస్. పాత గూటాలు ఎక్కడెక్కడున్నాయో వెతికి చెబితే మా పని మేం మొదలుపెట్టుకుంటాం."

బహ్రెయిన్ రాజధాని మనామాలోని మా సర్వే కార్యాలయానికి ఒక గృహనిర్మాణ కంపెనీ మేనేజరు ఫోను చేసి అన్న మాటలివి. మనిషి బెజవాడవాడు, మర్యాదస్తుడు. ఆయన అడుగుతున్న గూటాలను కొన్నేళ్ళ కిందట ఇంటి స్థలాల హద్దులకు మరో కంపెనీ దిగగొట్టింది. ఆ కంపెనీ మూతబడింది. దాని పటాలు, ఆశలు ఈ కంపెనీ చేతికి వచ్చాయి.

బహ్రెయిన్ దక్షిణాన ఒక సైనిక శిక్షణ మైదానపు కంచెను ఆనుకొని సన్నగా, పొడవుగా సాగే ఎడారి పట్టీ ఒకటి ఉంది. అక్కడ ఇళ్ళు కట్టకూడదని మైదానం వారికీ, భూమి యజమానికీ, ఆ నేలను వాడుకునే ఇరుగుపొరుగుకూ మధ్య ఒప్పందం కుదిరింది. దాని గడువు సంవత్సరాలలో లేదు. 'ప్రతి చలికాలం అక్కడ ఒక్క డేరా అయినా పడినంత కాలం' అని ఉంది. డేరాలు వేసే మనిషి వేసవిలో పోయాడు. కనుక డేరా పడదు. కనుక ఒప్పందం చెల్లదు. మేనేజరు తర్కంలో మెట్లన్నీ వరుసగానే ఉన్నాయి. నా చెవికి అడ్డుపడింది ఒక్క మాట, ఖలాస్. అయిపోయింది అని దాని అర్థం. ఆ మాటను ఆ ముసలాయన ఎదుట అన్న ప్రతివారికీ ఒకటే జవాబు వచ్చేది.

"ఎవడన్నడు?"

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ ఎడారిలో ఆయనను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. మన తెలుగువాళ్ళందరికీ చాచా. అరబ్బులకు అబూ ఖైమా, అంటే డేరాల తండ్రి. కోరుట్లలో షామియానాలు వేసిన కుటుంబం నుంచి వచ్చి, వేసవిలో తనకు వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్ దగ్గర పికప్ నడుపుతూ, చలికాలంలో అదే కఫీల్ భూమి మీద డేరాలు వేసి కుటుంబాలకు అద్దెకిచ్చేవారు. ఇక్కడ చలి మొదలైతే ఊళ్ళవాళ్ళంతా ఎడారిలో డేరాలు వేసుకొని సెలవులు గడుపుతారు. మంట, తేనీరు, పిల్లల అరుపులు, కార్ల రొద. ఆ కొద్ది నెలలే ఆయనకు సంవత్సరం.

అరబ్బుల పొడుగు అంగీ మీద హైదరాబాదులో కుట్టించిన బూడిదరంగు వెయిస్ట్‌కోటు వేసుకునేవారు. దాని రెండు జేబుల నిండా ఎర్రగుడ్డ పేలికలు ఉండేవి. నడుముకు కొయ్యసుత్తి వేలాడేది. డేరా తాడు బిగించాక దానిని వేలితో మీటి, తల ఒక పక్కకు వంచి వినేవారు. నచ్చకపోతే తాడు వైపు కాకుండా దాన్ని కట్టినవాడి వైపు చూసేవారు. ఆ చూపు అందుకున్నవాడు మారు మాట్లాడకుండా ముడి విప్పేవాడు.

కొలత ఆయనకు గిట్టదు. టేపు పట్టుకోమంటే పాము తోకను అందించినట్టు వెనక్కి జరిగేవారు. కంటితో చూసి వేసిన వరుస ప్రతిసారీ ఒక వైపుకు ఒరిగేది. నేను నా పరికరం పెట్టి చూపించాను. "చాచా, మీ వరుస వంకర."

"డేరా సీదగనే ఉన్నది సర్వే సాబ్. ఎడారే వంకరున్నది" అన్నారు, నా పరికరం వైపు తిరిగి కూడా చూడకుండా.

మా తొలి పరిచయం మాత్రం ఎడారిలో కాదు, రిఫాలోని ఆయన కఫీల్ ఇంటి మజ్లిస్‌లో, అంటే అతిథులు కూర్చునే గదిలో, జరిగింది. అరబ్బీ, ఉర్దూ, తెలుగు కలగలిసిన ఆ మాటలను ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

శిక్షణ మైదానానికి లోపలి నేల ఎంత అవసరమో, కంచె బయట ఖాళీ అంతే అవసరం. ఇళ్ళు కంచె దాకా వస్తే ముందు శబ్దం మీద ఫిర్యాదులు వస్తాయి. ఆ తరువాత వీధిదీపాల వెలుగు లోపలికి పడి, చీకటిలో చేయవలసిన అభ్యాసాలు ఆగుతాయి. ఆపైన కాల్పుల వేళలు కుదించమంటారు. చివరకు మైదానం పేరుకు మిగులుతుంది, శిక్షణ ఉండదు. దీనికి మైదానం వారు ఆలోచించిన మార్గం కంచెను ముందుకు జరపడం కాదు, పొరుగువారితో కలవడం. వాహనాలు తిరగని కారణంగా కంచె లోపల ఎడారి పొదలు దట్టంగా పెరిగాయి. బయట అవే పొదలు చక్రాల కింద నలిగిపోయాయి. ఆ పట్టీలో కట్టడాలు రాకుండా, పొదలను మళ్ళీ పెరగనిస్తూ, మేకల మేపూ చలికాలపు డేరాలూ ఒక పద్ధతిలో సాగేలా యజమానితోనూ పొరుగువారితోనూ ఒప్పందం చేసుకోవాలని వారి ప్రతిపాదన. యజమానికి ఏటా కౌలు ఇస్తారు. దానికి పటం గీసే పని మా కార్యాలయానికి వచ్చింది.

యజమాని, అంటే చాచా కఫీల్, పెద్దవాడు. అంతా ఆయనను బాబా అనేవారు. నేల అమ్మేయమని కొడుకుల ఒత్తిడి. ఇంటి స్థలాలకు గూటాలు కొట్టి కొనేవాళ్ళకు చూపించుకుంటామని ఆ పాత కంపెనీ అడిగితే ఆయన అప్పటికే సరే అన్నాడు. మైదానం నుంచి వచ్చిన అధికారి ఆ రోజు మజ్లిస్‌లో నా పటాన్ని తివాచీ మీద పరిచి చాలాసేపు వివరించాడు. బాబా మర్యాదగా తల ఊపుతూ ఖర్జూరాలు తింటున్నాడు. ఆయనకు అందులో రంగు గీతలు తప్ప మరేమీ కనిపించడం లేదని నాకు అర్థమవుతూనే ఉంది.

గుమ్మం దగ్గర కూర్చున్న చాచా లేచి వచ్చి, పటం మీద వంగి, పట్టీ మీద వేలు పెట్టారు.

"ఈడ ఏం రాసినవ్ సాబ్?"

"ఖాళీ స్థలం అని."

"ఖాళీ ఎట్లయితది? నేనున్న గద."

కట్టడం లేని నేలను పటంలో అలా చూపించడం పద్ధతి అని చెప్పాను. ఆయన వేలు తీయలేదు.

"మనామాల నేను ఎవని దగ్గరనో పనోణ్ణి. రిఫాల డ్రైవర్ని. ఈ ఒక్క జాగల నేను డేరాలాయనను. గీ జాగను పట్టుకొని ఖాళీ అంటవా? చెరిపెయ్."

"ఖలాస్, కూర్చో" అన్నాడు బాబా.

మరెవరైనా ఆ మాట అంటే చాచా ఎవడన్నడు అని ఉండేవారు. కఫీల్ ముందు గొంతు తగ్గించారు గాని మాట తగ్గించలేదు. "ఇంకా కాలేదు బాబా. మీరు అమ్ముతనంటే అమ్మురి, జాగ మీది. కానీ ఖాళీ జాగ అని అమ్మకురి. అది అబద్ధమైతది."

"నువ్వు నా వీసా మీద ఉన్నావు. గుర్తుందా?"

"ఉన్న గనకనే చెప్తున్న. బయటోణ్ణయితే నాకెందుకు?"

బాబా చేతిలోని ఖర్జూరపు గింజను పళ్ళెంలో వేసి, చలికాలం గడిచాక ఆ వీసా సంగతి చూస్తానన్నాడు. కొడుకులు నవ్వారు. చాచా నవ్వలేదు. ఆయనకు పొదల మీద ప్రేమ ఏమీ లేదని ఇక్కడే చెప్పాలి. ప్రతి పొదనూ గడ్డి అనేవారు. ఆ నేలలో బొరియలు తవ్వే ముళ్ళతోక ఉడుమును దబ్ అంటారు. అది తన డేరాల అడుగున తవ్వుతుందని దాన్ని తిట్టని రోజు లేదు. ఆయన పోరాటం ఒప్పందం కోసం మొదలు కాలేదు. తన కాలి కింది చోటు కోసం మొదలైంది.

ఆ ఏడాదే ఇక్కడ వారాంతపు సెలవు గురు, శుక్రవారాల నుంచి శుక్ర, శనివారాలకు మారింది. కంపెనీ తన కొనుగోలుదారులను శుక్రవారాలే తీసుకొచ్చేది. శుక్రవారం మైదానం మౌనంగా ఉంటుంది. శనివారం మాత్రం అక్కడ కాల్పులు యథావిధిగా సాగేవి. బాబా కూడా తన మేకల దొడ్డికి వచ్చేది శుక్రవారం ప్రార్థన తరువాతే. శనివారం ఆ నేల ఎలా ఉంటుందో దాని యజమానికే తెలియదు.

చాచాకు ఒక పని పద్ధతి ఉండేది. డేరాలు వేయడానికి ముందు రోజు తానొక్కరే వెళ్ళి, ఏ డేరా ఎక్కడ రావాలో అక్కడ ఇనుప గూటాలు దిగగొట్టి, తలలకు ఎర్రపేలికలు కట్టి వచ్చేవారు. మరునాడు ఆయన మనుషులు వెళ్ళి, ఎర్రగుడ్డ ఉన్న గూటానికల్లా తాడు కట్టి డేరా ఎత్తేవారు. ఎందుకు ఇక్కడ అని అడగడం ఉండదు. అడిగినవాడికి ఆ చూపు దక్కుతుంది. వాళ్ళంతా కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి వచ్చి క్యాంపులలో ఉంటూ కట్టడం పనిచేసేవాళ్ళు. సెలవు రోజున ఆయన దగ్గర కూలికి వచ్చేవాళ్ళు. వాళ్ళలో పెద్దవాడు రాజన్న.

ఆ వారం చాచా కొత్త కాన్వాసు కోసం మనామా సూక్‌లో, అంటే బజారులో, ఉండిపోయారు. గూటాలు కొట్టలేదు. ఆ సంగతి రాజన్నకు చెప్పలేదు. ఆయన మనుషులు శుక్రవారం పొద్దున్నే పట్టీలోకి దిగేసరికి అక్కడ గూటాలు ఉన్నాయి. ఇనుప కడ్డీ ముక్కలు, తలలకు ఎర్రగుడ్డలు. అవి కంపెనీ సర్వేవాళ్ళు ఇంటి స్థలాల మూలలకు కొట్టిన గుర్తులు. రాజన్న ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. నాలుగు గూటాలకు ఒక డేరా చొప్పున వరుసలు వరుసలుగా ఎత్తించేశాడు.

చాచా పికప్ దిగి చూసేసరికి ఎడారిలో ఒక గుడ్డ ఊరు లేచి ఉంది. ఆయన ఎప్పుడూ డేరాలను దూరదూరంగా, ఉత్తరపు గాలికి వీపు పెట్టి వేసేవారు. ఇవి పక్కపక్కనే, వీధుల్లా, సగం ద్వారాలు సూటిగా గాలికి ఎదురుగా ఉన్నాయి. లోపల చాపలు ఎగురుతున్నాయి.

"రాజన్నా! ఎవడు జెప్పిండురా గిట్ల ఎయ్యుమని?"

"నువ్వే పెట్టినవ్ గద చాచ, ఎర్రగుడ్డలు."

"నేను ఏనాడన్న గాలికి మొకం జేసి పెట్టిన్నా?"

"ఈసారి కొత్త డిజైన్ అనుకున్నం."

కొయ్యసుత్తి ఇసుకలో విసిరికొట్టి ఆయన తిట్టిన తిట్లలో రాయదగినది ఒక్కటీ లేదు. కానీ అప్పటికే కుటుంబాలు సామాన్లు దించేసుకున్నాయి. దిగిన కుటుంబం వెళ్ళేదాకా డేరా దించకూడదనేది ఆయన వృత్తిలో తిరుగులేని నియమం. గుడ్డ ఊరు అలాగే నిలిచింది.

ఆ మరునాడు, శనివారం పొద్దున, నేను పటం సరిచూసుకోవడానికి వెళ్ళాను. నాకంటే ముందే పాత కంపెనీ మేనేజరు వచ్చి ఉన్నాడు. బొంబాయి మనిషి, హిందీలో అరుస్తున్నాడు.

"ఈ గూటాలు మావి! ఇప్పుడే డేరాలు పీకెయ్!"

"గూటాలు మీవే భాయ్. ఒక్కటి కూడా పీకలేదు, చూసుకో. తాళ్ళు నావి" అన్నారు చాచా.

"పొరపాటున కట్టామని ఒప్పుకున్నావుగా!"

"పొరపాటే. నా మనుషులు చేసిన్రు. పొరపాటును చుట్టాలు వచ్చినంక పీకుతరా ఎవరన్న?"

"నీ కఫీల్‌కి ఫోన్ చేస్తాను. నీ వీసా ఖలాస్!"

"ఎవడన్నడు? ఫోన్ జెయ్. నంబరు లేకుంటే నేను చెప్త, రాస్కో."

మేనేజరుకు నంబరు ఉంది. బాబా వచ్చాడు. ముఖం గంటు పెట్టుకొని, చేతికర్రతో దారి చూసుకుంటూ, ఎప్పుడూ రాని శనివారం వచ్చాడు. చాచా ఆయనతో వాదించలేదు. వరుస మధ్యలోని ఒక డేరాలోకి తీసుకుపోయి, దిండు వేసి కూర్చోబెట్టి, గాజు గ్లాసుల్లో తేనీరు తెప్పించారు. ఆ డేరా నా పటం ప్రకారం కంపెనీ మొదటి వీధిలో ఒక ఇంటి ముందుగది.

బాబా గ్లాసు ఎత్తక ముందే మైదానంలో పెద్ద తుపాకుల అభ్యాసం మొదలైంది.

అటువంటి శబ్దం మొదట నేలగుండా వస్తుంది, తరువాత గాలిగుండా. పళ్ళెంలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి. ఆ మోగడం ఆగక ముందే గుడ్డ గోడలు ఒక్కసారి లోపలికి కొట్టుకున్నాయి. పక్క డేరాలో ఒక పసిబిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది. దాని తల్లి గొంతు గుడ్డ ఇవతలికి స్పష్టంగా వినిపించింది. ఇంకెప్పుడూ ఇక్కడికి రాము, ఈ చోటు ఎవడిదో వాడిని అడగాలి, అంటోంది. చోటు ఎవడిదో వాడు ఇవతల కూర్చొని గ్లాసు పట్టుకున్నాడు. మళ్ళీ మోత. మళ్ళీ ఏడుపు. అటు పక్క మరొక బిడ్డ అందుకుంది.

అప్పుడు చాచా అన్నారు. "ఈళ్ళు డేరావాళ్ళు బాబా. రేపు మడుచుకొని పోతరు. ఇల్లు కొన్నోడు ఏం మడుచుకుంటడు? మీ ఇంటికొచ్చి మీ గల్లా పట్టుకుంటడు. మీ తర్వాత మీ కొడుకులది."

మేనేజరు ఏదో అనబోయాడు. బాబా చేతికర్ర ఎత్తి ఆపి, డేరా బయటకు వచ్చి, ఆ గుడ్డ వీధుల వెంట ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాడు. నేను గీసిన పటం ఆయనకు చెప్పలేకపోయినది ఇప్పుడు ఆయన కాళ్ళకు తెలుస్తోంది. కంచె ఎంత దగ్గరో, ప్రతి ద్వారం దేనికి ఎదురుగా తెరుచుకుంటుందో తెలుస్తోంది. తిరిగి వచ్చి చాచా ఎదుట నిలబడ్డాడు.

"కావాలనే ఇలా వేయించావా?"

"వల్లా, అల్లా తోడు, లేదు బాబా. కావాలని అయితే గాలికి మొకం జేసి ఏస్తనా? నా ఇజ్జత్ ఏం గావాలె?"

బాబా చాలాసేపు నవ్వాడు. అమ్మకం ఆగిపోయింది. వీసా మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఒప్పందం రాసుకునే రోజున మైదానం అధికారి ఎన్ని సంవత్సరాలకు అని అడిగాడు. పొరుగువారి తరఫున చాచాను పెట్టుకున్నారు. డేరాలు అందరూ ఆయన దగ్గరే తీసుకుంటారు, పైగా ఆయన అన్ని భాషలనూ సమానంగా తప్పుగా మాట్లాడతారు.

"సంవత్సరాలొద్దు" అన్నారు చాచా. "సంవత్సరాలు అయిపోతయి. ప్రతి చలికాలం డేరా పడినంత కాలం అని రాయిరి."

అధికారి నా వైపు తిరిగాడు. డేరా అంటే ఏమిటో నిర్వచించకపోతే ఆ షరతు నిలవదని నేను చెప్పాను. ఎన్ని? ఎంత పెద్దవి?

"ఒక్కటి చాలు. నాలుగు గూటాలకు కట్టి నిలబడ్డ గుడ్డ. దాని కింద ఒక మనిషి."

"మీరు పోయాక?" అని అడిగాడు అధికారి.

"నేను మనిషి అన్న గని, నేను అన్ననా?"

ఆ వాక్యాన్ని నేనే ఒప్పందంలో రాశాను. నా జీవితంలో అంత పొదుపైన సాంకేతిక నిర్వచనం మరొకటి రాయలేదు. అదే రోజు పటంలో 'ఖాళీ స్థలం' అన్న మాట చెరిపి, 'పొరుగువారి వాడుక నేల' అని మార్చాను. ఆయన చదవలేరు గనుక నా చేత గట్టిగా చదివించుకున్నారు.

ఆ తరువాత ఆయన ఆ పట్టీకి నియంత అయ్యారు. మంట ఇనుప పళ్ళెంలోనే పెట్టాలి. బండి ఒక్క దారినే రావాలి. ఒక యువకుడు ఖరీదైన కారును పొద మీదుగా నడిపితే దానికి అడ్డంగా నిలబడి, "ఇది మీ అత్తగారి పెరడా?" అని తెలుగులో అరిచారు. ఆ అరబ్బు యువకుడికి భాష తెలియకపోయినా భావం పూర్తిగా అందింది. రాజన్నకు మాత్రం ఆ దర్జా చూస్తే నవ్వు ఆగేది కాదు.

"నిన్నమొన్న దాంక నువ్వే గా చెట్లు పీకి పొయ్యిల పెట్టి చాయ్ కాస్తివి చాచ!"

"నిన్న నేను దస్తఖత్ పెట్టలేదురా. ఇయ్యాల పెట్టిన."

తిట్టిపోసిన దబ్‌ను ఇప్పుడు "నా కిరాయిదారు" అని చూపించేవారు. అద్దె ఎగ్గొడుతున్నాడని ఫిర్యాదు కూడా చేసేవారు.

ఆయన దృష్టిలో సంతకం రెండు వైపులదీ. ఒకసారి మైదానం నుంచి ఒక సైనిక వాహనం దగ్గర దారి కోసం పట్టీకి అడ్డంగా వచ్చింది. చాచా కొయ్యసుత్తి పట్టుకొని దాని ముందు నిలబడ్డారు. నేను కొంచెం దూరంలో పరికరం బిగిస్తున్నాను. తొలగమని సైనికుడు చెయ్యి ఊపాడు, తరువాత హారను మోగించాడు, తరువాత తల బయటపెట్టి ఇది సైన్యపు పని, ఖలాస్, పక్కకు జరుగు అన్నాడు.

"ఎవడన్నడు?"

పరుగున వెళ్ళి నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "చాచా, వాళ్ళు మిలిటరీ!"

"మిలిటరీ గనకనే. ఈ జాగల ఇండ్లు లేకుండ ఉంచింది ఎవల కోసం? మేం గడ్డి తొక్కొద్దు, ఆయన తొక్కొచ్చునా? " సైనికుడి వైపు తిరిగారు. "పోయి మీ సాబ్‌ను అడుగు, మేం దస్తఖత్ పెట్టినప్పుడు ఆయన కలం దేనిమీద రాసిందో."

సైనికుడు వాకీటాకీలో ఎవరితోనో మాట్లాడాడు. కొంతసేపు విన్నాడు. తరువాత వాహనాన్ని వచ్చిన చక్రాల జాడల మీదుగానే, కొత్త పొద ఒక్కటీ నలగకుండా, జాగ్రత్తగా వెనక్కి నడిపించుకుపోయాడు. చాచా సుత్తిని నడుముకు తగిలించుకొని, ఏమీ జరగనట్టు, దగ్గరున్న తాడును మీటి విన్నారు.

ఇంకొక అలవాటు కూడా ఆ ఏటి నుంచే మొదలైంది. ప్రతి చలికాలం మొదటి డేరాను కంపెనీ గూటాలకే, గాలికి ఎదురుగా, అలాగే తప్పుగా వేయించేవారు. దానిని ఎవరికీ అద్దెకు ఇచ్చేవారు కాదు. మనుషులు దానికి తప్పు డేరా అని పేరు పెట్టారు. ఎందుకని అడిగితే, "ఆ గూటాలు ఖాళీగుంటే ఎవడన్న అడుగుతడు" అన్నారు.

చివరిసారి ఆయనను సల్మానియా ఆసుపత్రిలో చూశాను. వెయిస్ట్‌కోటు లేకుండా ఆయన చాలా చిన్న మనిషి. చేతికి ఎక్కుతున్న సెలైను గొట్టాన్ని వేలితో మీటి, తల పక్కకు వంచి విన్నారు.

"ఢీలగున్నది సర్వే సాబ్. ఎవడు కట్టిండు దీన్ని?"

నర్సు వచ్చి ఆ చెయ్యి తీసి దుప్పటి మీద పెట్టింది. ఇక ఎడారి పని ఖలాస్, విశ్రాంతి తీసుకోవాలి అని హిందీలో మందలించింది. ఆయన నా వైపు చూశారు. పెదవులు కదిలాయి గాని గొంతు రాలేదు. కనుబొమ్మ మాత్రం పైకి లేచింది. ఆ జవాబు నాకు వినబడింది.

బెజవాడ మేనేజరు ఫోను చేసిన వారం శనివారం నేను పట్టీకి వెళ్ళాను. అప్పటికి బాబా కూడా మంచం పట్టాడు. డేరా పడకపోతే నేల అమ్మేయాలని ఆయన కొడుకులు ఈ చలికాలం కోసం ఎదురుచూస్తున్నారని అందరికీ తెలుసు. పటం, పరికరం కారులో ఉన్నాయి. గూటాలు వెతకడం నా పని. దారి మలుపు దాటేదాకా నాకు కనిపించింది ఇసుక, పొదలు మాత్రమే. పొదలు మోకాలి ఎత్తుకు వచ్చాయి.

మలుపు దాటాక కంచె వైపు ఒక్క డేరా కనిపించింది. గాలికి ఎదురుగా, తప్పుగా.

రాజన్న, మరో ఇద్దరు తాళ్ళు బిగిస్తున్నారు. రాజన్న ఒంటి మీద, అతని భుజాలకు బిగుతుగా, ఆ బూడిదరంగు వెయిస్ట్‌కోటు ఉంది.

"నువ్వెందుకు వేస్తున్నావు రాజన్నా? ఎవరు చెప్పారు?"

"ఎవలు జెప్పాలె సార్? చలి వడ్డది గద." ముడి బిగించి, వేలితో మీటి, తల వంచాడు. నచ్చలేదు. విప్పి మళ్ళీ కట్టాడు. "అంత మంచిగనే ఉన్నది గని ఒక్క పంచాతి. మాకు పగటీలి డ్యూటీ ఉన్నది, బస్సు వస్తది. కింద మనిషి ఉండాలె అని రాసిన్రట గద. ఎవల్ని ఉంచాల్నో సమజైతలేదు."

నేను వంగి డేరాలోకి వెళ్ళి, చాప మీద కూర్చున్నాను. ఉత్తరపు గాలి సూటిగా ముఖానికి కొట్టింది. కంచె అవతల మొదటి మోత నేలగుండా వచ్చి, తరువాత గుడ్డను కొట్టింది.

జేబులో ఫోను మోగింది. బెజవాడ మేనేజరు.

"ఏమండీ, గూటాలు దొరికాయా?"

"దొరికాయి."

"అమ్మయ్య. మరి తీయించి కొత్తవి వేయిద్దామా?"

"కుదరదండీ. అవి ఖాళీగా లేవు."